కష్టం కనిపిస్తోంది, పని కనిపించడం లేదు

(శ్రమ, నిత్యజీవితం ఇతివృత్తంగా హైదరాబాద్‌లో ఏర్పాటైన ఛాయాచిత్ర, చిత్రకళా ప్రదర్శన ముగింపు సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తొలగించాం.)

సభకు నమస్కారం.

వేదిక మీదకు వచ్చే ముందు ప్రదర్శన మొత్తాన్నీ నిదానంగా చూశాను. మీలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలనూ సెలవు రోజులనూ వెచ్చించి తీసిన ఫోటోలివి, వేసిన బొమ్మలివి. ఆ శ్రద్ధకు ముందుగా నా అభినందనలు. ఈ నాలుగు మాటలూ చెప్పి దిగిపోతే నిర్వాహకులకూ సుఖం, నాకూ సుఖం. కానీ పిలిచి మైకు చేతికి ఇచ్చారు కాబట్టి మనసులో మాట చెప్పక తప్పదు. ఈ గోడల మీద కష్టం కనిపిస్తోంది. చెమట కనిపిస్తోంది. ముడతలు పడ్డ ముఖాలు, కాయలు కాసిన అరచేతులు, తల మీద బరువులు, వంగిన నడుములు, అన్నీ కనిపిస్తున్నాయి. పని మాత్రం కనిపించడం లేదు.

ఈ మాటను కాస్త విడమరిచి చెబుతాను, ఎవరూ నొచ్చుకోకండి. ఆ మూల ఒక పెద్దాయన అరచేతుల చిత్రం ఉంది. చక్కని వెలుగు, చక్కని నలుపు తెలుపు. ఆ చేతులు ఏ పని చేసిన చేతులు? రాళ్లు కొట్టినవా, మగ్గం నేసినవా, ముప్పై ఏళ్లు హోటల్లో పిండి కలిపినవా? ఎంతసేపు చూసినా తెలియదు. తెలియకపోయినా మనకు జాలి కలుగుతుంది. జాలి కలగడానికి పని తెలియనక్కర లేదు కదా! ఆ మనిషి మీద గౌరవం కలగాలంటే మాత్రం ఆయనకు ఏ విద్య వచ్చునో, అందులో ఎక్కడ నేర్పు కావాలో, ఏ క్షణంలో చెయ్యి వణికితే సరుకు పాడవుతుందో చూసేవాడికి కొంతైనా తెలియాలి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఈ ఒక్క విషయమే.

అసలు కెమెరాకూ పనికీ పుట్టుకతోనే పొసగలేదు. 1838లో పారిస్ నగరంలో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన డాగేర్ తన కిటికీలోంచి బులెవార్ దు తాంప్ల్ అనే వీధిని చిత్రించాడు. బళ్లతో, జనంతో కిటకిటలాడే వీధి అది. అప్పటి పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆ నిమిషాల్లో కదిలినవన్నీ చెరిగిపోయాయి. బళ్లు లేవు, గుర్రాలు లేవు, జనం లేరు. వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఎడమవైపు కింది మూల ఒక మనిషి మాత్రం మిగిలాడు, ఎందుకంటే ఆయన బూటు పాలిష్ చేయించుకోవడానికి కాలు ఎత్తి పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఆయన కాళ్ల దగ్గర, కొంచెం మసకగా, పాలిష్ చేసే మనిషి. మనిషి కనిపించే తొలి ఫోటోగా లోకం చెప్పుకునే చిత్రంలో ఒక పనివాడున్నాడు, గమనించారా? ఉన్నాడు, కానీ మసకగా ఉన్నాడు. చేయించుకునేవాడు స్పష్టంగా ఉన్నాడు, చేసేవాడు మసకబారాడు. చేసేవాడు కదులుతాడు కాబట్టి. ఆ సాంకేతిక ఇబ్బంది ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు సెకనులో వెయ్యో వంతును కూడా పట్టగలం. అయినా మనం ఇప్పటికీ పనివాణ్ని పని ఆపించి, వెలుగు వైపు తిప్పి, ముఖం తీసుకుని వెళ్లిపోతున్నాం. ఇప్పుడు ఇబ్బంది కెమెరాది కాదు కదా?

చిత్రకారులు ఈ విషయంలో మనకన్నా ముందున్నారని ఒప్పుకోవాలి. 1875లో కాయ్‌బొత్ అనే ఫ్రెంచి చిత్రకారుడు చెక్క నేలను చిత్రిక పట్టే ముగ్గురు మనుషుల్ని చిత్రించాడు. ఆనాటి అధికారిక ప్రదర్శనకు పంపితే తిరస్కరించారు. మరుసటి ఏడు ఇంప్రెషనిస్టుల రెండో ప్రదర్శనలో దాన్ని పెట్టాడు. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. నెట్‌లో వెతికి పెద్దదిగా చేసి చూడండి. ముగ్గురూ మోకాళ్ల మీద ఉన్నారు, ఒంటి మీద చొక్కాలు లేవు, కిటికీలోంచి వెలుగు వీపుల మీద పడుతోంది. ఇంతవరకు మన ఫోటోల లాగే ఉంది. కానీ నేల చూడండి. చిత్రిక పట్టిన పట్టీలు పాలిపోయి ఉన్నాయి. పట్టని చోట పాత మెరుగు నల్లగా నిగనిగలాడుతోంది. అంటే పని ఎంతవరకు వచ్చింది, ఇంకెంత మిగిలింది అన్నది నేల మీదే రాసి ఉంది. చుట్టలు చుట్టుకున్న చెక్క పేళ్లు అక్కడక్కడ పడి ఉన్నాయి. ఇద్దరు ఒకరివైపు ఒకరు తల తిప్పి ఏదో మాట్లాడుకుంటున్నారు, చేతులు మాత్రం ఆగలేదు. పక్కన ఒక సీసా, ఒక గ్లాసు. పని తెలిసి వేసిన బొమ్మ అంటే అదీ. ఆ మనుషుల మీద మనకు జాలి పుట్టదు, వాళ్ల పక్కన కూర్చుని ఆ మిగిలిన నేల ఎప్పటికి పూర్తవుతుందో అని లెక్క వేస్తాం.

పారిస్ దాకా ఎందుకు అంటారా? సరే, ఇక్కడే మాట్లాడుకుందాం. ఇక్కడికి రెండు గంటల దూరంలో చేర్యాల ఉంది. చేర్యాల బొమ్మలను మీరంతా శిల్పారామంలోనో, ఎవరి డ్రాయింగు రూములోనో చూసే ఉంటారు. ఇప్పుడవి గోడకు తగిలించుకునే చిన్న పలకలైపోయాయి. అసలు అవి చుట్టలు చుట్టిన పొడవాటి గుడ్డ పటాలు. చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, గంజి, జిగురు కలిపి పూసి ఆరబెట్టిన గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, నకాషీలు, అంటే ఆ బొమ్మలు వేసే చిత్రకారులు, కథంతా వరసగా వేసేవారు. ఆ పటాన్ని పరుస్తూ కథ చెప్పేవారు వేరే. ఎవరికి చెప్పేవారు? ఇదే నేను అడగదలచుకున్న ప్రశ్న. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వారు చెప్పేవారు. చాకలి వారికి మడేలు పురాణం ఉండేది. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పురాణం, ఒక్కొక్క పటం. తామర తూటి నుంచి దారం తీసి తమ మూలపురుషుడు భావనా రుషి దేవతలకు బట్ట నేశాడని నేతగాళ్లు తమ పటంలో తామే చూసుకునేవారు. అంటే పని చేసే మనిషి ఆ బొమ్మలో విషయం మాత్రమే కాదు, దాన్ని చూసేవాడూ ఆయనే, డబ్బు ఇచ్చి వేయించుకునేవాడూ ఆయనే. మన ప్రదర్శనలో ఫోటో దిగినవాళ్లలో ఎంతమంది ఈ హాలుకు వచ్చి తమ ఫోటో చూసుకున్నారు? నిర్వాహకులను ఇబ్బంది పెట్టడానికి అడగడం లేదు. జవాబు మనకందరికీ తెలుసు.

సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య గారు, 1925 నుంచి 2012 దాకా జీవించిన ఆ మహానుభావుడు, ఆ నకాషీ పద్ధతిని తన బొమ్మల్లోకి తెచ్చుకుని పల్లె మనుషుల్ని, వాళ్ల పండుగలనూ పనులనూ వేశారు. ఆయన గురించి విడిగా ఒక సభ పెట్టాలి, ఈ రోజు మాట్లాడితే అన్యాయం చేసినట్టవుతుంది.

ఇక ఫోటో విషయానికి వస్తే, మన ఊరికి ఒక పెద్ద పేరుంది. రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో పనిచేస్తూ కెమెరా పట్టిన మనిషి. తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక స్త్రీ చేతే నడిపించారు. ఆయన గాజు పలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మహళ్లు, దర్బార్లు, పటాలాలు, వేటలు ఆ పలకల మీద ఉన్నాయి. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో తీసిన చిత్రం చాలా ప్రసిద్ధం. వైస్రాయి కర్జన్, ఆయన భార్య, చచ్చిన పులి. చిత్రం పేరులో దొర ఉన్నాడు, దొరసాని ఉంది, పులి కూడా ఉంది. ఆ పులిని అడవిలోంచి తోలుకొచ్చిన వాళ్ల పేరు లేదు. దీన్ దయాళ్‌ను నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆయనకు జీతం ఇచ్చేది దర్బారు, తీయమన్నది తీశారు. పైగా ఔరంగాబాద్ ప్రాంతంలో కరువు సహాయ పనులను తీసినదీ ఆయన స్టూడియోనే. నేను చెప్పేది ఒకటే. ఆయన చిత్రాల్ని చూసేటప్పుడు మధ్యలో కూర్చున్న వాళ్లను వదిలి అంచులకు వెళ్లండి. గుర్రం కళ్లెం పట్టుకున్న సాయిస్, గొడుగు పట్టుకున్న నౌకరు దొరికితే, అక్కడ ఆగి చూడండి. ఆ ఏనుగు మీద అంబారీ ఎవరు కట్టారో, ఎలా కట్టారో చూడండి.

మన దృష్టి ఎటు పోతుందన్న దానికి ఈ ఊళ్లోనే ఒక మంచి పరీక్ష ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వారి గడియారం ఉంది కదా, చిన్నప్పుడు స్కూలు వాళ్లు మనందరినీ తీసుకెళ్లి చూపించినదే. గంట కొట్టే ముందు గడ్డం బొమ్మ ఒకటి బయటకు వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. దాని కోసం జనం వచ్చి కూర్చుంటారు. ఇప్పుడైతే ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. అదే గడియారంలో మరో బొమ్మ ఉంది. కమ్మరి బొమ్మ. సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటుంది. గంటకు ఒకసారి వచ్చే బొమ్మను చూడడానికి పోగైన జనంలో ఆ కమ్మరిని చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో, ఈసారి వెళ్లినప్పుడు గడియారానికి వీపు పెట్టి జనాన్ని గమనించండి. వీలైతే ఆ ముఖాలను ఒక ఫోటో తీయండి, మంచి చిత్రం అవుతుంది.

ఇప్పుడు కొంచెం చేదు విషయం. పనిని శ్రద్ధగా చూసిన కెమెరాలన్నీ పనివాడికి మేలు చేయలేదు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ కలిసి పనివాళ్ల వేళ్లకు చిన్న చిన్న విద్యుత్ దీపాలు కట్టి, కెమెరా షట్టరు చాలాసేపు తెరిచి ఉంచి, చెయ్యి ఎటు తిరిగి ఎటు వచ్చిందో వెలుగు గీతలుగా పట్టేవారు. ఆ చిత్రాలు చాలా అందంగా ఉంటాయి. చీకట్లో తెల్లని దారం గాలిలో మెలికలు తిరిగినట్టు ఉంటుంది. ఎందుకు తీశారు? అనవసరమైన కదలికలు తీసేసి పనిని వేగవంతం చేయడానికి. ఫ్రాంక్ స్వయంగా తాపీ పనితో జీవితం మొదలుపెట్టిన మనిషి. ఇటుక పేర్చడంలో ఉన్న 18 కదలికలను 5 కన్నా తక్కువకు తగ్గించానని గొప్పగా చెప్పుకున్నాడు. నడుము నొప్పి తగ్గింది, నిజమే. ఆ మిగిలిన సమయం ఎవరికి దక్కింది? తాపీ మేస్త్రీకి విశ్రాంతిగా దక్కిందా, కాంట్రాక్టరుకు అదనపు గోడగా దక్కిందా? పనిని దగ్గరగా చూడండి అని మీకు చెబుతున్నప్పుడు ఈ ప్రశ్నను కూడా వెంట ఉంచుకోమంటున్నాను.

దీనికి ఎదురుగా అమెరికాలోనే లూయిస్ హైన్‌ను పెట్టి చూడండి. బడిపంతులు. 1908లో ఆ ఉద్యోగం మానేసి, బాలకార్మిక వ్యవస్థ మీద పోరాడే జాతీయ కమిటీకి ఫోటోలు తీయడానికి వెళ్లాడు. మిల్లుల్లోకి రానివ్వరు కాబట్టి బైబిళ్లు అమ్ముకునేవాడిననీ, పోస్టుకార్డులు అమ్ముకునేవాడిననీ, తనిఖీకి వచ్చాననీ చెప్పి లోపలికి వెళ్లేవాడు. పిల్లల ఎత్తు కొలవడానికి టేపు తీస్తే అనుమానం వస్తుందని, తన కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుని, ఆ పిల్ల తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసుకునేవాడు. చెయ్యి జేబులో పెట్టి, జేబులోనే కాగితం మీద వివరాలు రాసుకునేవాడు. పేరు, వయసు, ఎన్నాళ్ల నుంచి పని, కూలి ఎంత. ఆ ఫోటోలు 5,000కు పైగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, వాటి కింద ఆయన రాసిన వాక్యాలతో సహా ఉన్నాయి. ఫోటో చూడండి, కింద వాక్యం చదవండి, మళ్లీ ఫోటో చూడండి. ముందు కనిపించని మగ్గం, ముందు కనిపించని పొడవాటి నూలు కండెల వరస అప్పుడు కనిపిస్తాయి. ఆ పిల్ల అంత పొట్టిగా ఉంటే ఆ కండె అందుకోవడానికి ఏం చేసేదో అన్న ఆలోచన అప్పుడు పుడుతుంది.

బ్రెజిల్ ఛాయాచిత్రకారుడు సెబాస్టియావో సల్గాడో పేరు మీలో సగం మందికి కంఠపాఠం. 2025లో కన్నుమూశారు. చదివింది ఆర్థికశాస్త్రం. 1986లో బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గని దగ్గర వేలాది మంది బురద మూటలు మోస్తూ నిచ్చెనలు ఎక్కే దృశ్యాలు తీశారు. మన ధన్‌బాద్ బొగ్గు గనులకూ వచ్చారు. గొప్ప చిత్రాలు, సందేహం లేదు. అయితే ఆయన వలస చిత్రాల మీద అమెరికా రచయిత్రి సుసాన్ సోంటాగ్ 2003లో ఒక విమర్శ చేసింది. ఫోటోల్లో ఉన్న అశక్తుల పేర్లు కింద రాయలేదని, పేరున్న ప్రముఖులకే పేరు దక్కి, మిగిలినవాళ్లు తమ వృత్తికీ తమ దుస్థితికీ నమూనాలుగా మిగిలిపోతున్నారని ఆమె అభ్యంతరం. నేను ఆమె పక్షమే. ఇక్కడ ఒక మిత్రుడు తల అడ్డంగా ఊపుతున్నారు. పరవాలేదు, ప్రశ్నల సమయంలో పోట్లాడుకుందాం.

సరే, మరి ఎలా తీయాలి? ఎలా వేయాలి? చార్మినార్ పక్కన లాడ్‌బజార్ అందరూ వెళ్లేదే కాబట్టి అక్కడి లక్క గాజులతో చెబుతాను. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఫోటోల్లో లాడ్‌బజార్ అంటే ఏమిటి? దుకాణంలో దీపాల కింద తళతళలాడే గాజుల వరసలు, ముందు బురఖాలో ఒక కొనుగోలుదారు. అయిపోయింది. వెనక సందుల్లోకి వెళ్లండి. చిన్న గదిలో కార్ఖానా, బొగ్గుల సిగిడి. దాని ముందు కూర్చున్న కారీగర్ కర్రకు పట్టిన లక్కను సెగ మీద తిప్పి తిప్పి మెత్తబరుస్తాడు. మెత్తబడ్డ లక్కకు రంగు లక్క పూత వేసి, సన్నని తీగలా సాగదీసి, సరిపడా ముక్క తుంచి, గుండ్రంగా వంచి, రెండు కొసలూ వేడి మీదే అతికిస్తాడు. తరువాత గుండ్రటి కర్ర మీదికి ఎక్కించి కొలత సరిచేస్తాడు. ఇదంతా లక్క చల్లారేలోగా జరగాలి. మరీ వేడిగా ఉంటే జారిపోతుంది, చల్లారితే పగులుతుంది. అతికించే ఆ కొద్ది క్షణాల్లోనే ఆయన విద్య అంతా ఉంది. ఇక రాళ్లు, అద్దాలు అద్దే పని వేరే. అది చాలావరకు ఆడవాళ్లు చేస్తారు, ఎక్కువగా ఇళ్లలో కూర్చుని చేస్తారు. ఒక్కొక్క రాయిని తీసి, మెత్తబరచిన లక్కలోకి నొక్కుతూ పోవాలి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏ క్షణాన్ని తీస్తారు? ఆయన ముఖం మీద సిగిడి వెలుగు పడిన క్షణమా? అది ఎవరైనా తీస్తారు. కొసలు కలిసే క్షణం కావాలి. అది ఎప్పుడు వస్తుందో తెలియాలంటే ఒక గాజు మొదటి నుంచి చివరి దాకా తయారవడం కెమెరా తీయకుండా చూడాలి. రెండో గాజుకు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. మూడోదానికి కెమెరా తీయండి. ఏ పనికైనా ఇదే పద్ధతి. బిర్యానీ డేగ్‌కు దమ్ పెట్టడమైనా, ధూల్‌పేటలో వినాయకుడికి కళ్లు దిద్దడమైనా, ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డు మీద కాతిబ్, అంటే ఉర్దూ చేతిరాత నిపుణుడు, అక్షరం తిప్పడమైనా సరే. పనికి ఒక ఆవృత్తి ఉంటుంది. అది ఒకసారి పూర్తయ్యేదాకా ఓపిక పట్టలేనివాడికి పని దొరకదు, ముఖమే దొరుకుతుంది.

సాంకేతికంగా ఒక చిన్న సూచన. సుత్తి దెబ్బను సెకనులో 500వ వంతుకు తీస్తే సుత్తి గాలిలో వేలాడదీసినట్టు ఉంటుంది. పని ఆగిపోయినట్టు ఉంటుంది. 15వ వంతుకు దించి, మోచేతులు గోడకు ఆనించి తీయండి. ముఖం నిలుస్తుంది, చెయ్యి కాస్త చెదురుతుంది. చాలా ఫ్రేములు పాడవుతాయి, పాడవనివ్వండి. ఫోన్‌తో తీసేవాళ్లకు ఇంకో సంగతి. ఫోన్ మీకు తెలియకుండానే కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, చీకటిని తెలుపు చేసి ఇస్తుంది. సిగిడి ఉన్న గదిలో చీకటి ఎందుకు ఉందో దానికేం తెలుసు? నిప్పు రంగు చూసి లక్క పదును పోల్చుకునే పని అది. నైట్ మోడ్ ఆపేయండి, వెలుగు తగ్గించి తీయండి.

ఇంకా ఒక పెద్ద లోటు చెప్పాలి. హడావుడి జీవితం అనగానే మనం పరుగులే తీస్తున్నాం. మెట్రో మెట్ల మీద జనం, సిగ్నల్ దగ్గర బళ్లు. ఈ ఊళ్లో పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడడమేనని మీరు గమనించారా? పొద్దున్నే కూకట్‌పల్లిలోనో మరెక్కడో అడ్డా దగ్గరికి వెళ్లండి. అడ్డా కూలీలు నిలబడి ఉంటారు. తాపీ పని వచ్చినాయన తాపీ కనిపించేలా పట్టుకుంటాడు, రంగులు వేసే కుర్రాడు బ్రష్షు కట్ట సంచిలోంచి బయటకు పెడతాడు, మట్టి పనికి వచ్చినామె తట్టనూ పారనూ ముందు పెట్టుకుంటుంది. అడగకుండానే మేస్త్రీకి తెలియాలి కదా ఎవరికి ఏ పని వచ్చునో! ఆ పనిముట్టే అక్కడ బోర్డు. బండి ఆగగానే ఎవరు ముందుకు వస్తారు, ఎవరు రారు, కూలి మాట కుదరక ఎవరు వెనక్కి తగ్గుతారు, ఎండ ఎక్కాక ఎవరు మిగులుతారు. మెట్రో పిల్లరు నీడలో బండి స్టాండు వేసి, ఆర్డరు కోసం ఫోన్ చూసుకుంటూ కూర్చున్న డెలివరీ కుర్రాళ్లదీ అదే పరిస్థితి. ఆ కూర్చున్న గంటకు కూలి రాదు. దాన్ని తీరికగా చూపించిన ఫోటో అబద్ధం చెప్పినట్టే.

అన్నట్టు, మీలో చాలామంది ఐటీ ఉద్యోగులు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి ఈ ఊరి రూపం మార్చిన పని అది. ఈ ప్రదర్శనలో మీరు చేసే పని మీద ఒక్క చిత్రమైనా ఉందా? లేదు. మీ దృష్టిలో శ్రమ అంటే చొక్కా లేనివాడిదే అనుకోవాలా? ఆఫీసులో ఫోటోలు తీయనివ్వరని తెలుసు. మరి బొమ్మ వేయడానికి ఏం అడ్డు? రాత్రి పదకొండుకు అమెరికా వాళ్లతో కాల్, డైనింగు టేబుల్ మీద లాప్‌టాప్, పక్కనే మూత తీయని అన్నం గిన్నె, మ్యూట్ బటను మీద వేలు, తలుపు సందులోంచి పిల్లకు సైగ చేస్తున్న రెండో చెయ్యి. చేతులు ఏం చేస్తున్నాయో చూడండి చాలు, ఆ పని దొరుకుతుంది.

ఇంటి పని మాటేమిటి? పొయ్యి దగ్గర అమ్మ ఫోటోలు నాలుగున్నాయి, నాలుగింటిలోనూ అమ్మ నవ్వుతోంది. నల్లా వచ్చే వేళ తీయండి. మన బస్తీల్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో డ్రమ్ము, బిందెలు, బకెట్లు ఏ వరసలో నిండాలో, ఏది ముందు తాగడానికి, ఏది తరువాత బట్టలకు, మోటారు ఎప్పుడు వేయాలి, మధ్యలో టిఫిన్ డబ్బా ఎప్పుడు కట్టాలి, అదంతా ఆమె తలలో ఉంటుంది. నీళ్ల వరసను తీస్తే ఆ తల కనిపిస్తుంది. నవ్వు అక్కర లేదు.

మాకు తీరిక లేదండీ, అంతసేపు ఎక్కడ నిలబడతాం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సుధీర్ పట్వర్ధన్ ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూనే బొంబాయి కార్మికుల్ని, లోకల్ రైళ్లనూ, ఇరానీ హోటళ్లనూ చిత్రించారు. షికాగోలో వివియన్ మాయర్ ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయాగా జీవితం గడిపి, ఆ పిల్లల్ని నడిపించుకుంటూ వీధుల్లోనే లక్షకు పైగా ఫోటోలు తీసింది. అవి 2007 దాకా ఎవరికీ తెలియవు. వాళ్లిద్దరూ ఎక్కువగా తమ రోజు నడిచే దారిలోనే పట్టుకున్నారు. మీరు కూడా వారానికో కొత్త బస్తీ తిరగడం మానేసి, రోజూ టీ తాగే చోటు దగ్గరే ఆగండి. చాయ్ డికాక్షన్ ఎప్పుడు దించుతారో, పాలు ఎన్నిసార్లు పొంగిస్తారో, గ్లాసులు కడిగే కుర్రాడి చేతికి చన్నీళ్లా వేణ్నీళ్లా అన్నది తెలుసా? ఏడాదిగా అక్కడే తాగుతున్నారు కదా!

చివరగా ఫోటో కింద రాసే మాటల సంగతి. ఇక్కడ ‘శ్రమజీవి’ అన్న పేరుతో ఐదు చిత్రాలున్నాయి, ‘బతుకు పోరాటం’ మూడు. ఆ పేరు పలకలు అటూ ఇటూ మార్చి పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. చిత్రాలు దించేలోగా ప్రతి చిత్రం కిందా నాలుగు విషయాలు రాయండి. ఏ పని, ఏ చోటు, పనిలో ఏ దశ, ఆ మనిషి ఒప్పుకుంటే ఆయన పేరు. ఒప్పుకోకపోతే రాయకండి. ముఖం వద్దంటే ముఖమే తీయకండి, వీపు వైపు నుంచి కూడా పని కనిపిస్తుంది, కాయ్‌బొత్ చూపించాడు కదా. పిల్లలు పని చేస్తున్న చోట ఇంకా జాగ్రత్త. ఫోటో ప్రదర్శనకు కాదు, ముందు అధికారులకు చేరాలి. ఇక ప్రింట్లు. పెద్దవి కావు, స్టూడియోలో తీయించే మామూలు కార్డు సైజువి చాలు. ఎవరి ఫోటో తీశారో వాళ్లకు తీసుకెళ్లి ఇవ్వండి. ఇచ్చినప్పుడు ఆయన మీ ఫోటోలో తప్పు పడతాడు. లక్క ఇంకా చల్లారలేదు, అప్పుడే ఎందుకు తీశావు అంటాడు. ఆ మాట రాసిపెట్టుకోండి. వచ్చే ప్రదర్శనకు అలాంటి మాటలు ఎన్ని పోగయ్యాయో నన్ను పిలిచి చూపించండి. ఇక ప్రశ్నలు అడగండి. ముందుగా, సల్గాడో పేరు ఎత్తినప్పుడు తల ఊపిన మిత్రునికి మైకు ఇవ్వండి.